అట్ట కింద పాదం

పటాల కొట్టు,
జనవరి 11

అక్కకి,

నమస్కారం పెట్టేంత ఓపిక లేదు, పెట్టాననుకో. పొద్దున పేపరు తెరిచాను. ఏప్రిల్ రెండో ఆదివారం మా ఊరి స్టేడియంలో పిడుగుతో పది రౌండ్ల మ్యాచ్ ఆడబోయే అభాగ్యుడెవరా అని చూస్తే, మన బావ! ఈ సంగతి నాకు పేపరువాడు చెప్పాలా? తోడబుట్టినదానివి, ఒక్క ముక్క రాయలేకపోయావా?

నేను పిడుగు అభిమానుల సంఘానికి కార్యదర్శిని. ఆరేళ్ళుగా అతని మ్యాచ్ ఒక్కటి వదల్లేదు. ఇరవై రెండు మ్యాచ్‌లు, ఇరవై రెండు నాకౌట్లు. నాలుగో రౌండ్ దాటి నిలబడ్డవాడు లేడు. హెవీవెయిట్‌లో ఇలాంటివాడు వందేళ్ళకొకడు పుడతాడు. ఆ ఎడమచెయ్యి ఊపితే ముందు వరసలో కూర్చున్నవాళ్ళ జుట్టు చెదురుతుంది. నవ్వకు, నా జుట్టే చెదిరింది.

బావంటే నాకు ప్రాణం. నా పెళ్ళికి తెచ్చిన బల్లలన్నీ ఒక్కడే మోశాడు, పైగా నవ్వుతూ. కానీ ప్రాణం వేరు, బాక్సింగ్ వేరు. ముప్పై ఒక్క మ్యాచ్‌లలో పందొమ్మిది ఓడిపోయాడు. ఎవరొచ్చి ఎంత బాదినా ఊరుకుంటాడని జనం దిండు అని పేరు పెట్టారు. వయసా, ముప్పై ఏడు. పగలంతా గిడ్డంగిలో మూటలు మోసి సాయంత్రం రింగులో దిగే మనిషి. అసలు ఆడాల్సినవాడికి పక్కటెముక విరిగిందట, ఆ ఖాళీలో బావని కూర్చోబెట్టారు. పిడుగు ఇరవై మూడో నాకౌట్ కొట్టుకోవడానికి ఒక శరీరం కావాలి, అంతే.

జ్వరమొచ్చిందని చెప్పించు. కాలు బెణికిందని చెప్పించు. బావకి చెప్పే ధైర్యం లేకపోతే నేనే వచ్చి చెబుతాను. నీ మాట ఎప్పుడు కాదన్నాడు గనక?

నీ తమ్ముడు


గ్లౌజుల కుట్టు గది,
జనవరి 19

తమ్ముడికి,

నమస్కారం సగమే పెట్టావు గనక ఆశీర్వాదం కూడా సగమే పంపుతున్నాను. నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు. ఫోన్లో నువ్వు అరుస్తావు, నన్ను మాట్లాడనివ్వవు. కాగితం మీదైతే అడ్డు తగల్లేవు.

మ్యాచ్ ఒప్పుకున్నది మీ బావే. నన్నడిగారు, నేను సరేనన్నాను. ముప్పై ఎనిమిది నిండితే బాక్సింగ్ సంఘం డాక్టరు ఇక సంతకం పెట్టడు, లైసెన్సు పోతుంది. ఆయనకి ఇదే ఆఖరి మ్యాచ్. "పదహారేళ్ళు ఆడాను. దిండుగానే వెళ్ళిపోవాలా?" అన్నారు. ఆ మాటకి జవాబు నీ దగ్గరుంటే రాయి.

పందొమ్మిది ఓటములు లెక్కపెట్టావు, ఇంకొకటి లెక్కపెట్టలేదు. ఆ ముప్పై ఒక్క మ్యాచ్‌లలో మీ బావ ఒక్కసారి కూడా కింద పడలేదు. వీపు కాదు, మోకాలు కూడా నేలకి తగల్లేదు. నిలబడి ఓడిపోయినవాడు మీ అభిమానుల లెక్కలోకి రాడనుకుంటాను.

ఇక అసలు సంగతి. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, మీ బావకి కూడా. పిడుగు సాధన చేసే హాలు గ్లౌజులు మూడేళ్ళుగా నా బల్ల మీదికే మరమ్మతుకి వచ్చేవి. పిడికిలితో గుద్దేవాడి గ్లౌజు ముందుభాగంలో అరుగుతుంది, అక్కడి తోలు పగులుతుంది, లోపలి మెత్త అణిగిపోతుంది. పిడుగు ఎడమ గ్లౌజు ముందుభాగం నిన్న కొన్నట్టు ఉంటుంది. అరిగేదల్లా లోపలివైపు, బొటనవేలి కింద. అంటే అతను గుద్దడం లేదు, చరుస్తున్నాడు. చెంపదెబ్బ! మన లెక్కల మాస్టారు కొట్టేవాడు చూడు, అదే. అది రూల్సు ప్రకారం తప్పు, సరే. దాని చప్పుడు పెద్దది, దెబ్బ చిన్నది. మీరంతా చప్పుడు విని చప్పట్లు కొడుతున్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మ్యాచ్ ఖాయమైన రోజే ఆ హాలు గ్లౌజులు తిప్పి పంపేశాను. ఇక మీదట పక్క బల్ల ఆవిడ కుడుతుంది. ఒకరి గ్లౌజులో చూసింది ఇంకొకరికి చెప్పడం మా పనిలో తప్పు. దర్జీ ఒకరి నడుము కొలత ఇంకొకరికి చెబుతాడా? నీకెందుకు చెప్పానంటే, నువ్వు నా మొగుణ్ణి జ్వరం నటించమన్నావు. కడుపు మండింది. చదివి చించెయ్యి.

అక్క


పటాల కొట్టు,
జనవరి 27

అక్కకి, ఈసారి పూర్తి నమస్కారం,

చించలేదు. చించితే మళ్ళీ మళ్ళీ చదివి మండిపడే అవకాశం పోతుంది.

చెంపదెబ్బట! చెంపదెబ్బకి నూటపది కిలోల మనిషి వెల్లకిలా పడతాడా? లెక్కల మాస్టారు నన్ను వారానికి మూడుసార్లు కొట్టాడు. ఒక్కసారైనా పడ్డానా? సమాధానం చెప్పు. మొగుడి మీద ప్రేమ ఉండొచ్చు అక్కా, కానీ ఆ ప్రేమతో తోలు అరుగుదలకి అర్థాలు చెప్పకూడదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టుంది నీ వాదన.

ఆదివారం సంఘం సమావేశంలో, ఎవరన్నారో చెప్పకుండా, "పిడుగు పిడికిలి మూసే కొడతాడంటారా?" అని అడిగాను. టైర్లకి పంక్చర్లు వేసే మా ఉపాధ్యక్షుడు నా చొక్కా పట్టుకున్నాడు. మందుల షాపాయన విడిపించకపోతే ఈ ఉత్తరం ఎడమచేత్తో రాసేవాణ్ణి.

నాకు సాక్ష్యం కావాలంటే ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. నా కొట్టు గోడ చాలు. పిడుగు పద్నాలుగో మ్యాచ్ ఫోటో ఒకటుంది, మేమంతా "ఆ పటం" అంటాం, అంటే చాలు అందరికీ తెలుస్తుంది. పిడుగు ఎడమచెయ్యి సూటిగా చాపి ఉంటాడు. అవతలివాడు గాలిలో వెనక్కి వాలిపోతుంటాడు, ఇంకా నేల తాకలేదు. చుట్టూ నల్ల అట్ట పెట్టి, సన్నటి బంగారురంగు చట్రం కట్టి ఇప్పటికి అరవై మూడు అమ్మాను. మంగలి షాపులో ఉంది, మందుల షాపులో ఉంది, పళ్ళ డాక్టరు గదిలో రోగి నోరు తెరిస్తే ఎదురుగా కనిపించేది అదే. అరవై మూడు గోడలు అబద్ధం చెబుతాయా?

ఈ వారమే భూతద్దం పట్టుకుని నా దగ్గరున్న ఫోటోలన్నీ చూస్తాను. ప్రతిదాంట్లో మూసిన పిడికిలి చూపించి నీ మొహాన కొడతాను. ఫోటోల్ని, పిడికిలిని కాదు.

నీ తమ్ముడు (కార్యదర్శి)


గ్లౌజుల కుట్టు గది,
ఫిబ్రవరి 8

కార్యదర్శి గారికి,

భూతద్దం తుడుచుకుని చూడు.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను, గ్లౌజుల సంగతి ఉన్నచోటల్లా దాటేసి. లెక్కల మాస్టారి పేరు ఎందుకొచ్చిందని అడిగారు, నీకు చిన్నప్పటి నుంచీ పిచ్చి అన్నాను, నమ్మారు. జ్వరం నటించమన్న సంగతి విని నవ్వారు. "వాడికి నేనంటే ప్రేమ" అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పొద్దున ఐదింటికి లేచి కాలవ గట్టు మీద పరిగెత్తి, ఎనిమిదికి గిడ్డంగికి వెళ్తున్నారు. అక్కడివాళ్ళు మంచివాళ్ళే, బరువైన మూటలు తామే ఎత్తుకుంటామన్నారు. ఈయన ఒప్పుకోలేదు. సాయంత్రం ఏడు దాకా సాధన. ఇంటికొచ్చి బూట్లు విప్పే ఓపిక లేక కుర్చీలోనే నిద్రపోతారు. నేను విప్పుతాను. ఇవన్నీ నీకెందుకు రాస్తున్నానంటే, నువ్వు మొదటి ఉత్తరంలో ఒక శరీరం కావాలన్నది ఈ మనిషినే.

అక్క


పటాల కొట్టు,
ఫిబ్రవరి 20

అక్కకి నమస్కారాలు.

కొట్టులో పని ఎక్కువగా ఉంది. భూతద్దం ఎక్కడో పెట్టి మర్చిపోయాను. బావ ఆరోగ్యం జాగ్రత్త. ఇక్కడ ఎండ బాగుంది.

తమ్ముడు


గ్లౌజుల కుట్టు గది,
ఫిబ్రవరి 26

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు నాలుగు వాక్యాల ఉత్తరం రాయడం నా ఎరుకలో ఇది రెండోసారి. మొదటిది పదో తరగతి తప్పినప్పుడు. నన్ను తిట్టలేదు, పిడుగుని పొగడలేదు, ఎండ బాగుందన్నావు. పుట్టి బుద్ధెరిగాక నీకు ఎండ ఎప్పుడు బాగుందిరా?

ఒంట్లో బాగాలేదా? మరదలితో గొడవా? లేక ఆ పంక్చర్లాయన ఈసారి నిజంగానే చెయ్యి చేసుకున్నాడా? ఏదైనా సరే దాచకు. ఎగతాళి చెయ్యనని మాటిస్తున్నాను. చేసినా తక్కువే చేస్తాను.

అక్క


పటాల కొట్టు,
మార్చి 4

అక్కా,

భూతద్దం పోలేదు. నా దగ్గరే ఉంది. ఇప్పుడు కూడా ఈ కాగితం మీద బరువుగా పెట్టుకుని రాస్తున్నాను.

చూశాను. దెబ్బ తగిలే క్షణం తీసిన ఫోటోలు పదకొండు దొరికాయి. ఎనిమిదింటిలో నువ్వు చెప్పినట్టే ఉంది. గ్లౌజు లోపలివైపే తగులుతోంది. సరే, అది కూడా దిగమింగుకున్నాను. అరచెయ్యో పిడికిలో, ఎదుటివాడు పడ్డాడు కదా, పడగొట్టినవాడే మొనగాడు కదా అని నాతో నేనే రెండ్రోజులు వాదించుకుని గెలిచాను.

మూడో రోజు "ఆ పటం" ఇంకా దగ్గరగా చూద్దామని అద్దం తీశాను, అట్ట తీశాను. అక్కా, ఎలా చెప్పాలి? ఆ ఫోటోలో అడుగున నీళ్ళ బకెట్టు, వేలాడే తాళ్ళు, ఎవరిదో చెప్పు, ఇలా చెత్తంతా కనిపిస్తుంది. బొమ్మకి అందం చెడుతుందని మోకాళ్ళ కింద నుంచి నల్ల అట్టతో మూసి కట్టడం నా పద్ధతి. మొదటిదానికి కొలత తీసి, మిగతా అరవై రెండూ అదే కొలతతో కోశాను. మూయడమే తప్ప ఆ మూసినచోట ఏముందో ఒక్కనాడు చూడలేదు.

అక్కడ పిడుగు కుడి పాదం ఉంది. ఎదుటివాడి ఎడమ పాదం మీద.

అతనిది ఎడమచేతి వాటం కదా, కుడి పాదం ముందుంటుంది. అవతలివాడి ఎడమ పాదం దానికెదురుగా ఉంటుంది. తొక్కిపెట్టి చరిచాడు. ఆ మనిషి వెనక్కి తప్పుకోబోయాడు, కాలు రాలేదు, పడ్డాడు. వందేళ్ళకొకసారి పుట్టే నాకౌట్ అది.

పాదాలు కనిపించే ఫోటోలు ఇంకెన్నున్నాయో వెతికాను. ఫోటోగ్రాఫరు ఇంటికి వెళ్ళి మిగతావి కూడా తెచ్చాను. "ఆ పటం"తో కలిపి తొమ్మిది దొరికితే ఐదింటిలో పాదం మీద పాదమే. ఒకసారైతే పొరపాటు, ఐదుసార్లయితే అలవాటు. నేను ముందు వరసలో కూర్చుని కూడా చూడలేదు. ఎప్పుడూ చెయ్యే చూశాను. రిఫరీ కూడా అంతే అయ్యుంటాడు.

నీకెందుకు వెంటనే రాయలేదంటే, సిగ్గేసింది. పిడుగుని ఇంతవాణ్ణి చేసింది పిడుగు కాదు. నేనూ, నా అట్టా, నాలాంటి నాలుగొందల మంది. అతనికి బలం లేదని కాదు, ఉంది. మొదటి మూడు రౌండ్లూ ఎద్దులా మీదపడతాడు. కానీ అంతకుమించి అతనిలో మేము చూసిందంతా మా గొంతుల్లోంచి పుట్టిందే. ఇంకోమాట. అతను ఓడించిన ఇరవై రెండు మందిలో పద్నాలుగు మంది మళ్ళీ రింగు మొహం చూడనంత ముసలివాళ్ళు. నేనే వాళ్ళ వయసులు రాసి పెట్టుకున్నాను, నేనే ఎప్పుడూ కలిపి చూసుకోలేదు.

అట్ట లేని ఫోటో ఈ కవరులో పెడుతున్నాను. బావకి చూపించు. నీ గ్లౌజుల గుట్టు నీ దగ్గరే ఉంచుకో. ఇది ఏ గుట్టూ కాదు, ఫోటోగ్రాఫరు అడిగినవాళ్ళందరికీ ఇచ్చే ఫోటో. చూసే కళ్ళుంటే ఎవరైనా చూడొచ్చు. నాకే ఆరేళ్ళు లేవు.

తమ్ముడు


గ్లౌజుల కుట్టు గది,
మార్చి 14

నా బంగారు తమ్ముడికి,

ఎగతాళి చెయ్యను, మాటిచ్చాను. ఒక్కటి మాత్రం అడుగుతాను, ఆ చెప్పు ఎవరిది?

ఫోటో మీ బావ చేతికిచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. "చెయ్యి సంగతి నాకు ముందే తెలుసు. అతనితో ఆడినవాళ్ళందరికీ చెవులు వాచాయి, దవడలు కాదు. కాలు సంగతి మాత్రం తెలియదు" అన్నారు. ముందే తెలుసట! రెండు నెలలు నోరు కుట్టేసుకుని నేను ఉడికిపోయింది దేనికి?

"ఎవరు కనిపెట్టారు?" అని అడిగారు. "మీ బావమరిది" అన్నాను. "వాడికి ఎంత కష్టమనిపించిందో" అన్నారు. గెలుపు గురించి కాదురా, నీ గురించే అనుకున్నారు ముందు.

అప్పటి నుంచి మా ఇంట్లో నడక మారిపోయింది. ఎక్కడ దొరికితే అక్కడ నేను ఆయన ఎడమ పాదం తొక్కాలి. అది నా పని. గిన్నెలు తోముతున్నా, చొక్కా ఇస్త్రీ చేస్తున్నా, పళ్ళు తోముకుంటున్నా సరే, చెప్పాపెట్టకుండా తొక్కాలి. నేను తొక్కేలోపు ఆయన పాదం నా పాదానికి బయటివైపుకి వెళ్ళిపోవాలి. మొదటి రెండు రోజులు ఇరవైసార్లకి పదిహేనుసార్లు తొక్కాను. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఇప్పుడు ఇరవైకి ఒక్కటి దొరికితే గొప్ప. పై అంతస్తు ముసలాయన మెట్ల దగ్గర ఆపి, ఈ వయసులో మీరిద్దరూ డాన్స్ నేర్చుకోవడం చూడముచ్చటగా ఉందన్నాడు.

నవ్వుతూ రాస్తున్నానని భయం లేదనుకోకు. ఉంది. మ్యాచ్‌కి నేను రాను. పెళ్ళయిన కొత్తలో ఆయన మ్యాచ్ ఒక్కదానికి వెళ్ళాను, జనం దిండు దిండు అని అరవడం విన్నాను, మళ్ళీ వెళ్ళలేదు. ఆయనకి దెబ్బ తగిలితే చూడగలను. ఆ అరుపు వినలేను. నువ్వు దగ్గరుండి చూడు. ఉన్నదున్నట్టు రాయి. ఓడిపోతే ఓడిపోయారనే రాయి, అందం చెడుతుందని ఏదీ మూయకు.

అక్క


పటాల కొట్టు,
ఏప్రిల్ 2

అక్కకి,

"ఆ పటం" అట్ట లేకుండా పెద్దది చేయించి కొట్టు అద్దాల్లో పెట్టాను. ఏమీ రాయలేదు. పాదాల దగ్గర ఒక చిన్న దీపం మాత్రం వెలిగించాను.

మొదటిరోజు అందరూ నాకు మతి పోయిందన్నారు. రెండోరోజు పంక్చర్లాయన వచ్చి, అది నీడ అన్నాడు. మూడోరోజు, కాకతాళీయం అన్నాడు. నాలుగోరోజు మిగతా నాలుగు ఫోటోలు బల్ల మీద పరిచాను. వంగి వంగి చూసి వెళ్ళిపోయాడు. కార్యదర్శి పదవి నేను వదిలేలోపే వాళ్ళే పీకేశారు. తొమ్మిదిమంది పటాలు వెనక్కి తెచ్చిచ్చారు. ఒకాయన మాత్రం అట్ట తీసి మళ్ళీ కట్టించుకుపోయాడు.

బావ గురువారం వస్తున్నాడు కదా. ముందు గది ఖాళీ చేశాను. మీ మరదలు రెండు పరుపులు కలిపి కుట్టింది, మామూలు మంచం ఆయన పొడుగుకి చాలదని. నువ్వేం దిగులు పెట్టుకోకు. నేను కూడా పెట్టుకోను. అబద్ధం, పెట్టుకున్నాను.

తమ్ముడు


పటాల కొట్టు,
ఏప్రిల్ 11

అక్కా!

నిన్న ఫోన్ ఎత్తి, "నిలబడే ఉన్నారా?" అని ఒక్క మాటడిగి, ఉన్నాడనగానే పెట్టేశావు. మిగతాది విను. ఏదీ మూయడం లేదు.

మధ్యాహ్నం మూడింటికి గంట కొట్టారు. స్టేడియం నిండిపోయింది. అంతమందిలో బావవైపు కూర్చున్నది నేనూ, గిడ్డంగి నుంచి వచ్చిన పదకొండుమందీ. నువ్వు వినలేనన్న అరుపు అరిచారు. ఉన్నదున్నట్టు రాయమన్నావు గనక రాస్తున్నాను, చాలా గట్టిగా అరిచారు. బావ చెవికెక్కించుకోలేదు.

మొదటి రెండు రౌండ్లూ పిడుగు చరిచాడు. చప్పుడుకి జనం ఊగిపోయారు. బావ చెవులు ఎర్రగా కందిపోయాయి. నేను మాత్రం చేతులు చూడలేదు, కింద చూస్తూ కూర్చున్నాను. పిడుగు కుడి పాదం ఒక పాదం కోసం వెతుకుతోంది. అక్కా, అది దొరకడం లేదు! అతను అడుగు వేసేసరికి బావ పాదం బయటివైపుకి వెళ్ళిపోయి ఉంటుంది. నువ్వు వంటింట్లో చేసిన పని రింగులో కనిపిస్తోంది. ఒక్కసారి, రెండో రౌండ్ చివర, దొరికింది. బావ ఊగాడు. నా ప్రాణం పోయింది. తాడు పట్టుకుని నిలబడ్డాడు.

మూడో రౌండ్లో పిడుగు బలంగా అడుగేశాడు, ఖాళీ నేల మీద పడింది, తూలాడు. అప్పుడు బావ కుడి పిడికిలి నేరుగా వెళ్ళింది. చప్పుడు పెద్దగా రాలేదు. బస్తా దించినట్టు మెత్తగా వినిపించింది. పిడుగు మొహం మారిపోయింది. అలాంటి దెబ్బ అతనికి ఎవరూ పెట్టినట్టు లేదు. అక్కడి నుంచి అడుగేసినప్పుడల్లా అదే జరిగింది.

ఐదో రౌండ్ మొదలైనప్పుడు స్టేడియం అంతా గుసగుసలే. పిడుగు ఐదో రౌండ్ ఎవరూ చూడలేదు కదా, అతను కూడా చూడలేదు. నోటితో ఊపిరి పీల్చడం మొదలుపెట్టాడు. బావకేమో అప్పుడే పని మొదలైనట్టుంది. మూటలు మోసే మనిషికి మధ్యాహ్నం మూడున్నరకి అలసటేమిటి? ఆరో రౌండ్లో ఎక్కడో వెనకనుంచి, "చేతులు కాదురా, కాళ్ళు చూడండి!" అని ఒక గొంతు వినిపించింది. తిరిగి చూస్తే మా పంక్చర్లాయన! జనం చూశారో లేదో గానీ రిఫరీ చూశాడు. వంగి చూసి, పిడుగుని పక్కకి పిలిచి హెచ్చరించాడు.

ఏడో రౌండ్లో పక్కటెముకల కింద ఒక్కటి తగిలింది. పిడుగు మోకాలు నేలకి ఆనింది. రిఫరీ ఎనిమిది లెక్కపెట్టేసరికి లేచాడు, కాదనను, ధైర్యంగానే లేచాడు. గంట మోగింది.

ఎనిమిదో రౌండ్ గంటకి బావ లేచి మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాడు. పిడుగు లేవలేదు. స్టూలు మీదే కూర్చుని తల అడ్డంగా ఊపాడు. మన బావకి అర్థం కాలేదు. గంట తప్పు కొట్టారనుకుని, వెనక్కి వచ్చి తన స్టూలు మీద కూర్చున్నాడు! మళ్ళీ లేపి తోయాల్సి వచ్చింది. రిఫరీ చెయ్యి పైకెత్తితే, అది తన చెయ్యేనా అన్నట్టు తలెత్తి చూసుకున్నాడు.

ముందు ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. ఆ తర్వాత గిడ్డంగివాళ్ళు పదకొండుమందీ మొదలుపెట్టారు. ఆ తర్వాత మొత్తం స్టేడియం లేచింది. ఎవరూ దిండు అనలేదు అక్కా. ఏమని పిలవాలో తెలియక ఊరికే అరిచారు. నేను ఏడ్చాను. పక్కవాడి భుజం మీద పడి ఏడ్చాను, వాడెవడో నాకు తెలియదు, వాడూ ఏడ్చాడు.

తర్వాత, బావ బట్టలు మార్చుకునే గదిలోకి పిడుగు వచ్చాడు. "నన్ను ఎవరూ ఇంతదూరం తీసుకురాలేదు. నాకేం రాదో ఇవాళ తెలిసింది" అన్నాడు. బావ అతని ఎడమచెయ్యి పట్టుకుని, "బలమున్న చెయ్యి. మూసి కొట్టు. కాలు తీసేయ్. ఇంకా పదేళ్ళుంది నీకు" అన్నాడు. అది చూశాక నాకొకటి నిశ్చయమైపోయింది. ఈ భూమ్మీద పుట్టిన హెవీవెయిట్లందరిలోకీ బావే గొప్పవాడు. నిన్నే కొత్త అభిమానుల సంఘం పెట్టాం. నేనే కార్యదర్శిని. చెయ్యెత్తిన ఫోటో ముప్పై కాపీలు కట్టించమని అప్పుడే అడిగారు.

నీ తమ్ముడు


గ్లౌజుల కుట్టు గది,
ఏప్రిల్ 24

కార్యదర్శి గారికి,

మళ్ళీ మొదలుపెట్టావా? మీ బావ ముప్పై రెండు మ్యాచ్‌లలో పదమూడు గెలిచిన మనిషి. ఈ లెక్క ఆయనే చెప్పి రాయమన్నారు. "నేను మధ్యరకం బాక్సర్ని, మంచి మధ్యరకం" అన్నారు. ముప్పై పటాలూ కట్టుకో, వద్దనను. కానీ వాచిన చెవి కనిపించాలి, కింద బకెట్టు కూడా ఉండాలి.

నీ ఉత్తరం బల్ల దగ్గర చదివి ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. కుట్టు గదిలో అందరూ సూదులు ఆపి నా చుట్టూ చేరితే, పైకి చదివి వినిపించాను. స్టూలు దగ్గరికొచ్చేసరికి పక్క బల్ల ఆవిడ నవ్వు ఆపుకోలేక కింద కూర్చుంది. నాకు ఒక్కటే బాధ, ఇన్నేళ్ళు ఆ అరుపుకి భయపడి ఆయన ఆట చూడకుండా పోగొట్టుకున్నాను. ఇది నా తప్పే. ఆయనతో చెప్పాను కూడా.

మళ్ళీ పిడుగుతో ఆడమని మనుషులొచ్చారు, డాక్టరుని ఒప్పిస్తామన్నారు. ఆయన టీ ఇచ్చి పంపేశారు. నిన్న ఇద్దరం బాక్సింగ్ సంఘం ఆఫీసుకి వెళ్ళాం, లైసెన్సు తిరిగి ఇచ్చేయడానికి. ఒక కాగితం నింపాలి, పేరు, వయసు, వృత్తి. ఏటా లైసెన్సు మార్చుకున్నప్పుడల్లా నింపే కాగితమే. పదహారేళ్ళూ వృత్తి అన్నచోట గిడ్డంగి కూలీ అనే రాసేవారట. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. అక్కడికొచ్చేసరికి కలం ఆగింది. తర్వాత మెల్లగా, ఒక్కో అక్షరం దిద్దుతూ, బాక్సర్ అని రాశారు.

గుమస్తా కాగితం తీసుకుని చదివి, "మానేస్తున్న రోజున రాస్తున్నారేంటండీ ఇది?" అని అడిగాడు.

"ఇన్నాళ్ళూ రాయడానికి ధైర్యం చాల్లేదండీ" అన్నారు మీ బావ.

అక్క